డాక్టరుకు చెప్పని చుట్ట

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఓడల కార్ఖానా గోడ వెంబడి మన తెలుగువాళ్ళుండే సందు ఒకటుంది. ఆ సందులో సాయంకాలం కాగానే రోజారాణి చేసే మొదటి పని దీపం పెట్టడం కాదు, వీధి గుమ్మానికి తెర లాగడం. తెర వెనుక ఆమె అత్తగారు అమ్మన్నమ్మ గోడకు చేరబడి, చుట్ట వెలిగించి, వెలుగుతున్న కొసను నోట్లోకి తిప్పుకుని పెదవులు బిగిస్తుంది. నిప్పు లోపల, రెండో కొస బయట. దీన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం తీరంలో ఎందరో ఆడవాళ్ళు వలలు బాగు చేసుకుంటూ, పిల్లల్ని ఆడించుకుంటూ ఇలాగే తాగుతారు. గాలికి ఆరిపోదు, రవ్వ చీర మీద పడదు, ఒక చుట్ట చాలాసేపు వస్తుంది. ఊరి నుంచి షాలిమార్‌లో రైలు దిగే చుట్టాలెవరైనా ఎండుచేపలతోపాటు అమ్మన్నమ్మకు చుట్టల కట్ట ఒకటి తప్పకుండా పట్టుకొస్తారు.

రోజారాణి పుట్టి పెరిగింది కలకత్తాలోనే. చిన్నప్పుడు ఆమె తల్లి కూడా గుమ్మంలో కూర్చుని ఇలాగే తాగేది. అది చూసిన బెంగాలీ పిల్లలు "మీ అమ్మ నిప్పు తింటుంది" అని బడిలో రోజారాణిని ఏడిపించుకు తిన్నారు. ఆ సిగ్గు ఆమెను వదల్లేదు. పెళ్ళయి అడుగుపెట్టిన ఇంట్లో అత్తగారి నోట్లోనూ అదే నిప్పు కనిపించేసరికి, పాపం, తెర కొనుక్కుంది. గుమ్మానికి తెర కట్టుకుంటే ఎవరికి నష్టం? మీరూ నేనూ అయినా ఆమెను తప్పుపట్టం. చిక్కల్లా, ఆ తెరను ఆమె ఎక్కడికి వెళితే అక్కడికి పట్టుకెళ్ళడంతో వచ్చింది.

అమ్మన్నమ్మకు కింది దవడలో వెనకపన్ను ఒకటి పుచ్చిపోయింది. పంటిపోటుకు అడ్డపొగను మించిన మందు లేదని ఆవిడ నమ్మకం. వాళ్ళమ్మ నేర్పిన వైద్యం అది. ఆ వేడితో చాలాకాలం నెట్టుకొచ్చింది. బుగ్గ వాచి, మెతుకు నమలలేని పరిస్థితి వచ్చాక రేవులో క్రేను దగ్గర పనిచేసే కొడుకు తిరుపతిరావు పట్టుబట్టి, భార్యను తోడిచ్చి పళ్ళ డాక్టరు దగ్గరికి పంపాడు.

డాక్టరు బెంగాలీ యువకుడు, నెమ్మదస్తుడు. అమ్మన్నమ్మ బెంగాలీ చేపలు బేరమాడడానికి మాత్రమే పనికొస్తుంది కాబట్టి అతను రోజారాణినే అడిగాడు. బీపీ ఉందా, షుగరుందా, రక్తం పల్చబడే మాత్రలేమైనా వాడుతున్నారా, దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగుతుందా అని ఓపిగ్గా అన్నీ అడిగాడు. అన్నిటికీ ఆమె సరిగ్గానే జవాబు చెప్పింది.

"బీడీ, ఖైనీ, చుట్ట, ఏదైనా అలవాటుందా?"

రోజారాణి వెనక్కి తిరిగి చూసింది. బల్ల మీద వరుసగా బెంగాలీ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. "అబ్బే, లేదు" అంది. అంతటితో ఊరుకోక, "అప్పుడప్పుడు పాన్ వేసుకుంటుంది" అని కూడా చేర్చింది. అలా ఎందుకన్నదో ఆమెకే తెలియదు. డాక్టరు తలూపి, "అయితే కొన్నాళ్ళు పాన్ మానేయమనండి" అన్నాడు.

సూది వేసి పన్ను తీసి, మాత్రలు రాసిచ్చాడు. దూది కొరికిపట్టి ఉంచాలనీ, ఈ రోజంతా ఉమ్మకూడదనీ, పుక్కిలించకూడదనీ, వేడివేడిగా ఏదీ తాగకూడదనీ చెప్పాడు. రేపటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు మెల్లగా నోట్లో తిప్పి వదలాలన్నాడు. నొప్పి రోజురోజుకూ తగ్గాలి, తగ్గకుండా పెరిగితే మాత్రం వెంటనే రావాలని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. రోజారాణి ఒక్క మాట పొల్లుపోకుండా అన్నీ తెలుగులో చెప్పింది.

బయటికొచ్చాక అమ్మన్నమ్మ దూది బిగించుకునే అడిగింది. "పాన్ తినొద్దన్నాడా? నానెప్పుడు తిన్నానే?"

"అందరికీ అలాగే సెప్తారత్తా. నువ్వు మాటాడకు, రగతం కారతాది."

ఇంటికొచ్చాక అమ్మన్నమ్మ చెప్పినట్టే నడుచుకుంది. ఉమ్మలేదు. చల్లారిన గంజి తాగింది. సాయంకాలానికి మొద్దుబారిన బుగ్గకు తెలివొచ్చి సలపడం మొదలైంది. ఆవిడ చెయ్యి అలవాటు ప్రకారం బొడ్లో దోపుకున్న సంచి మీదికి పోయింది.

"సుట్ట తాగొచ్చా కోడలా?"

రోజారాణి వంటింట్లోంచి జవాబిచ్చింది. "దాని గురించి డాక్టరేటీ అనలేదత్తా."

అక్షరాలా నిజమే కదా! అతనికి చెబితేనా, అతను అనడానికి? రోజారాణి గుమ్మానికి తెర లాగింది, అమ్మన్నమ్మ చుట్ట వెలిగించింది.

మర్నాడు కాస్త బాగానే ఉంది. మూడోనాటికి నొప్పి దవడ నుంచి చెవిలోకీ, చెవి నుంచి కణతకూ పాకింది. నోటి నుంచి దుర్వాసన. గంజి చూస్తేనే ఆవిడ మొహం తిప్పుకుంటోంది. రోజారాణి కంగారుపడి డాక్టరు మాటలన్నీ మళ్ళీ తలుచుకుంది. దూది పెట్టించింది, ఉమ్మనివ్వలేదు, మాత్రలు వేసింది, ఉప్పునీళ్ళు ఇచ్చింది. మరి ఎక్కడ తప్పింది? ఎంత తలబద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు. నొప్పి పెరిగితే వెంటనే రమ్మన్న మాట కూడా గుర్తొచ్చింది గాని, తప్పంతా తమదేనంటాడని జంకి ఆగింది.

మనవాళ్ళ సందులో ఒకరికి నొప్పొస్తే నలుగురు వైద్యులు పుడతారు. రేవులో పనిచేసి రిటైరైన గురువులు అనే ముసలాయన కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "పన్ను నరం పోయి కంటికి తగులుతాది వదినా. చూపు ఎలాగుంది?" అన్నాడు. అంతవరకూ లేనిది, అమ్మన్నమ్మకు ఆ క్షణం నుంచి కుడికన్ను మసకబారింది. పక్కింటి తవిటమ్మ లవంగ నూనె తెచ్చి, దూదితో గుంటలో కుక్కమంది. ఇంకొకరు వద్దన్నారు. మందుల కొట్టువాడు నొప్పి మాత్ర మార్చి ఇచ్చాడు. ఎవరి మాట వినాలో, ఎవరి మాట మానాలో తెలియక రోజారాణికి ఏడుపొచ్చింది. "ఇది పుండు కాదు కదా, కేన్సరు కాదు కదా" అని అమ్మన్నమ్మ పదేపదే అడుగుతుంటే, కాదని చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నొప్పి పెరిగినకొద్దీ ఆవిడ చుట్టలూ పెరిగాయి. ఆవిడకు తెలిసిన మందు అదొక్కటే.

"ముక్క లోపలే వొదిలేసినాడు వాడు!" అని తిరుపతిరావు తీర్మానించాడు. పని మానుకుని, తల్లినీ భార్యనూ ఆటో ఎక్కించుకుని డాక్టరు మీదికి దండయాత్ర బయల్దేరాడు.

లోపలికి వెళుతూనే, "ఏం దాదా, మా అమ్మను చంపేద్దామనుకున్నావా?" అని సగం హిందీ, సగం బెంగాలీలో అరిచాడు. బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. డాక్టరు అమ్మన్నమ్మను కుర్చీలో కూర్చోబెట్టి దీపం వేశాడు.

"ముక్క ఏదీ మిగల్లేదు. కానీ గుంట ఖాళీగా ఉంది. ఎముక కనబడుతోంది. ఇక్కడ ఉండాల్సిన రక్తపు గడ్డ ఏమైంది?" అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. ఆ తర్వాత అతని చూపు పైకి, అంగిట్లోకి పోయింది. మొదటిరోజు వాచిన దవడతో ఆవిడ నోరు సరిగా తెరవలేకపోయింది కాబట్టి అంగిలి అతని కంటపడలేదు. ఇప్పుడది తెల్లగా మందంగా మారి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలతో కనిపించింది. అతను దీపం దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశాడు. అయోమయంగా రోజారాణి వైపు తిరిగాడు.

"పాన్ తినేవాళ్ళ అంగిలి ఇలా ఉండదు. ఏదో కాలినట్టుంది. నిజం చెప్పండి, ఈ మాశిమా, అదే మీ అత్తగారు, నోట్లో ఏం పెట్టుకుంటారు?"

రోజారాణి మళ్ళీ బల్ల వైపు చూసింది. తిరుపతిరావు భార్య వైపు తిరిగాడు.

"ఏటంటన్నాడే?" అమ్మన్నమ్మ అడిగింది.

"నోట్లో ఏటెట్టుకుంటావని..."

"సెప్పు మరి. మొన్న సెప్పలేదేటి?"

కోడలు తల దించుకుంది. అమ్మన్నమ్మ ఆమెనొక్క క్షణం చూసి, ఇంక అడగలేదు. బొడ్లోంచి సంచి తీసి, చుట్ట బయటికి లాగి, వెలిగించకుండానే కొసను నోట్లోకి తిప్పి పెదవులు మూసి చూపించింది. ఆవిడ మొహంలో సిగ్గు లవలేశమైనా లేదు. సిగ్గంతా కోడలిది. బల్ల మీది బెంగాలీ ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు గాని, రోజారాణి ఇన్నేళ్ళుగా భయపడిన నవ్వు మాత్రం ఎవరి నోటా రాలేదు. "నిప్పు లోపలా? అమ్మో, ఎంత కష్టం!" అంది ఒక ముసలావిడ.

డాక్టరు గుంటను కడిగి, మందు పెట్టాడు. కాసేపటికి అమ్మన్నమ్మ మొహం తేటపడింది. అప్పుడతను స్టూలు లాక్కుని ముగ్గురికీ ఎదురుగా కూర్చున్నాడు. అతను బెంగాలీలో చెప్పిందాని సారం ఇది.

"పన్ను తీసిన చోట గుంట పడుతుంది. అందులో రక్తం గడ్డకట్టి, లోపలి ఎముకకు మూతలా ఉంటుంది. గాయం మానడమంటే ఆ మూత కింద మానడమే. ఉమ్మొద్దనేది, పుక్కిలించొద్దనేది, వేడి వద్దనేది ఆ మూత ఊడిపోకూడదనే. పొగ పీల్చినా అది ఊడుతుంది, పొగాకు వల్ల గాయం తొందరగా మానదు కూడా. మీ అత్తగారు నేను చెప్పినవన్నీ చేశారు, నేను చెప్పనిది ఒక్కటి చేశారు. నాకు తెలియదు కాబట్టి నేను చెప్పలేదు. ఆడవాళ్ళు కదా అని గుచ్చి అడగకపోవడం నా పొరపాటు. కంటికేమీ కాదు, పన్ను తీస్తే చూపు పోదు. కానీ అంగిట్లో ఉన్నది మాత్రం చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. అది నాకు పంటికంటే ఎక్కువ భయంగా ఉంది."

ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. పంటిగుంట మానుతూ వచ్చింది గాని రోజారాణి గుండెలో బరువు దిగలేదు. ఒక సాయంకాలం ఆమె అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడి, "నానే సెప్పలేదత్తా. ఆళ్ళందరి ముందూ సిగ్గేసినాది" అని ఏడ్చేసింది.

అమ్మన్నమ్మ ఆమె తల నిమిరింది. "నా నోటికి నువ్వు సిగ్గుపడితే, నొప్పి నాకొచ్చినాది కోడలా. ఇంకెప్పుడూ నా బదులు సిగ్గుపడకు" అంది.

కేన్సరు కాదని తేలింది. "ఇప్పటికి కాదు. చుట్ట మానకపోతే రేపు అవదని నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు. అన్నాళ్ళ అలవాటు ఒక్కపూటలో పోతుందా? అమ్మన్నమ్మ మొదట్లో చాటుగా ఒకటీ అరా తాగింది. అయితే మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అతను అడక్కముందే ఆ మాట తనే చెప్పేసింది. క్రమంగా సంచి ఖాళీ అయింది. షాలిమార్‌లో దిగే చుట్టాలు ఇప్పుడు ఎండుచేపలు మాత్రమే తెస్తున్నారు. గుమ్మానికి తెర కూడా లేదు.

ఈ మధ్య తవిటమ్మకు పన్ను తీయించాల్సి వచ్చింది. అమ్మన్నమ్మే దగ్గరుండి తీసుకెళ్ళింది, మాట చెప్పడానికి రోజారాణిని వెంటబెట్టుకుని. డాక్టరు బీపీ దగ్గర మొదలుపెట్టాడో లేదో, అమ్మన్నమ్మ చెయ్యెత్తి ఆపింది.

"బాబూ, ఇది కూడా నాలాగే నిప్పు లోపలెట్టుకుంటాది. ముందది రాసుకో, ఆ తరవాత పన్ను సూడు."

తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోజారాణి మాత్రం ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. బల్ల చివరిదాకా వినబడేలా, ఒక్క మాట మింగకుండా, అంతా బెంగాలీలో చెప్పింది.

పన్ను తీయించుకోబోయే ప్రతివాళ్ళూ మనసులో పెట్టుకోవలసిన సంగతి ఇది: వేసుకునే మాత్రలు, ఉన్న జబ్బులు, తాగేవీ నమిలేవీ డాక్టరుకు ముందే చెప్పేయాలి, ఎందుకంటే సిగ్గుపడి దాచుకున్న అలవాటును ఏ డాక్టరూ వద్దనలేడు.