దస్తీ మూల

ఆ ఫ్రెంచి ఊళ్లో ఫుట్‌బాల్ స్టేడియాన్ని కూలగొట్టి ఫ్లాట్లు కట్టి చాలా ఏళ్లయింది. ఇప్పుడు తీరిగ్గా దాని చరిత్ర రాస్తున్నారట. కూల్చేటప్పుడు లేని ప్రేమ ఇప్పుడెక్కడిదని ఫసియుద్దీన్ సణిగాడు గానీ, అక్కడి లైబ్రరీ అమ్మాయి వీడియో కాల్ చేస్తుందని కొడుకు జైద్ చెప్పినప్పటి నుంచీ ఆయనకు కాలు నిలవలేదు. వయసులో ఉండగా ఆ ఊరి బట్టల మిల్లులో పనిచేశాడు. శనివారం వస్తే ఆ చెక్క గ్యాలరీలోనే ఉండేవాడు. ఆ పుస్తకంలో ఏదో ఒక చోట తన పేరుండాలని ఆయన ఆశ. అవి ఎంత మంచి రోజులో చెప్పడానికి అక్కడ ఇటుక కూడా మిగల్లేదు మరి.

ఇప్పుడుంటున్న సింగపూర్‌లోని టాంపినీస్ ఫ్లాట్‌లో, పెళ్లిళ్లకు వేసుకునే షేర్వానీ తొడుక్కుని ఫోను ముందు కూర్చున్నాడు. భార్య అన్వరి బేగం పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

ఆ అమ్మాయి ఆటల గురించి అడగలేదు. తూర్పు గ్యాలరీ చివర ఒక సీటును జనం దస్తీ మూల అనేవారట. స్టేడియం మూసేదాకా అక్కడెవరూ కూర్చోలేదట. పోయినవాళ్ల కోసం ఎవరో చేతిరుమాలు, అదే దస్తీ, వేసి ఉంచేవారని ఊళ్లో చెప్పుకుంటారు, మీకేమైనా తెలుసా అంది.

ఫసియుద్దీన్‌కు నవ్వొచ్చింది. ఆ దస్తీ ఆయనదే! వరంగల్ బస్సు కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపుకుంటూ పెరిగినవాడు, పరాయి దేశంలోనూ అదే చేశాడు. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసే, అంటే ఆపుకునే, ఇక్కడి జనానికైతే చెప్పక్కర్లేదు. అక్కడివాళ్లు మాత్రం ఎవరో పారేసుకున్నారనుకుని తెచ్చి చేతికిచ్చేవారు. ఆయన మళ్లీ వేసేవాడు. చివరికి వాళ్లే ఆ చోటుకు కాపలా కాశారు; ఆయన ఊరొదిలాక కూడా మానలేదన్నమాట. బంగారంలాంటి మనుషులు.

పోయినవాళ్ల కోసం కాదమ్మా, ఈవిడ కోసం అని ఫోను అన్వరి వైపు తిప్పాడు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, అంతమంది మగాళ్ల మధ్యకు రానంది. మళ్లీ అడగడానికి మొహమాటం. మనసు మార్చుకుని వస్తే చోటుండాలి కదా అని ప్రతి వారం ఆపాడు. ఒక్కసారీ రాలేదు. ఇదంతా ఫ్రెంచిలో చెప్పి, భార్యకు తెలుగులోనూ చెప్పాడు. ఆమెకూ ఈ సంగతి ఇదే మొదటిసారి వినడం.

అన్వరి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

“నేనొచ్చిన,” అంది. “జైద్ కడుపుల ఉన్నడు. ఇంట్ల ఒక్కదాన్నే ఉండలేక వచ్చిన. గేటు కాడ ఒకడు టికెట్ అడిగిండు. మీ పేరు చెప్పిన, వాడికి తెల్వలే. లోపల అందరు కేకలేస్తుండ్రు. శానసేపు నిలబడి ఇంటికి పోయిన.”

బస్సులో ముందు సీటు ఆపుకోవడం, టికెట్ తర్వాత. ఆ అలవాటులో ఆమెకు టికెట్ కొనాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“మీరు ఇంటికి సంబరంగ వచ్చిండ్రు. మనోళ్లు గెల్చిండ్రన్నరు.”

మేడమ్ ఏమన్నారని ఫోనులో ఆ అమ్మాయి అడుగుతోంది. ఫసియుద్దీన్ కళ్లు తుడుచుకున్నాడు. తన పేరు రాయొద్దన్నాడు. ఆ సీటు అన్వరి బేగందని రాయమన్నాడు.

“ఆమె వచ్చిందని కూడా రాయమ్మా.”