పదకొండో ప్రశ్న

ఆ ఇంట్లో అందరి బట్టలూ మడతపెట్టేది శ్రీవిద్యే, ఒక్క అత్తగారివి తప్ప. ధనమ్మ తెనాలి నుంచి అమెరికాలోని ట్రాయ్‌కి, కొడుకింటికి వచ్చి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో ఆవిడ చీర కానీ లంగా కానీ వాషింగ్ మెషీన్ మొహం చూడలేదు. పొద్దున్నే బాత్‌రూమ్ తలుపేసుకుని, చన్నీళ్ళతో ఉతుక్కుని, అక్కడే కర్టెన్ రాడ్ మీద ఆరేసుకునేది. వచ్చిన మొదటి వారం "ఇటివ్వండి అత్తయ్యా, మెషీన్‌లో వేసేస్తాను" అని చెయ్యి చాపితే, "వద్దమ్మాయ్. ఆ చేతులు ఎక్కడెక్కడ పెట్టొస్తావో ఏమో. నావి నేను చూసుకుంటాలే" అంది. హాస్పిటల్లో పన్నెండు గంటలు నర్సుగా నిలబడి వచ్చిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఈ చెయ్యి వండిన పప్పు పనికొచ్చింది, ఈ చెయ్యి తెచ్చిన జీతం పనికొచ్చింది, బట్టల దగ్గరికొచ్చేసరికి మాత్రం మైలపడిందన్నమాట. మంటంతా కడుపులోనే దాచుకుంది శ్రీవిద్య. ఐదు నెలలుగా తువాళ్ళు మడతపెట్టినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తూనే ఉంది.

శనివారం మధ్యాహ్నం కూడా గుర్తొచ్చింది. గడియారం చూసింది. మూడుంబావు. ఐదింటికల్లా వీడియో పంపాలి.

ఆడవాళ్ళని పరీక్షించి, మందులు రాసి ఇచ్చే పెద్ద నర్సు అవుదామని ఆన్‌లైన్లో చదువుతోంది తను. విమెన్స్ హెల్త్ నర్స్ ప్రాక్టీషనర్. క్లాసులన్నీ వంటింటి గట్టు మీదే, ఒక పక్క లాప్‌టాప్, ఇంకో పక్క కుక్కర్. ఈ కోర్సు తీసుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి పరీక్ష వారంలో కూతురు తన్వికి జ్వరం వచ్చింది, అదే వారం భర్త అవినాష్‌కి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వచ్చింది. ఎవరూ అడక్కుండానే జ్వరం శ్రీవిద్య వాటాకి వచ్చింది, కోర్సు పోయింది. ఈసారి కూడా పోతే ప్రోగ్రామ్ నుంచి తీసేస్తారు. "పోతే పోయిందిలే, ఉద్యోగం ఉందిగా, ఇంకా ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నాడు అవినాష్. తలా ఒక వంటకం తెచ్చుకునే ఓ పాట్‌లక్ విందులో స్నేహితులందరి ముందూ "మా ఆవిడ పీరియడ్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు. శ్రీవిద్య కూడా నవ్వి, వాళ్ళకి మారు పులిహోర వడ్డించింది. ఆ నవ్వినందుకు తనని తను ఇప్పటికీ క్షమించుకోలేదు.

చెయ్యాల్సింది పెద్ద విద్యేం కాదు. ఒకావిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫారమ్‌లోని ముప్ఫై ప్రశ్నలూ వరసగా అడుగుతూ వీడియో తియ్యాలి. మధ్యలో ఆపకూడదు, కత్తిరించకూడదు. ఆవిడ ఏ భాషలో చెప్పినా సరే, వెంటనే ఇంగ్లీషులో కెమెరాకి చెప్పాలి. వస్తానన్న స్నేహితురాలు అంకిత పన్నెండింటికి మెసేజ్ పెట్టింది, వాళ్ళబ్బాయికి ఈత పోటీలు ఉన్నాయట, సారీ అట. ఇంకెవరున్నారని ఫోన్లో పేర్లన్నీ రెండుసార్లు తిరగేసింది. ఇంట్లో మిగిలింది ఆ పెద్దావిడ ఒక్కరే.

"నన్నా? సినిమా తీస్తావా ఏంటి?" అంది ధనమ్మ. కానీ, ఎందుకో మరి, కాదనలేదు. ముడి సర్దుకుని, స్వెట్టర్ గుండీలు పెట్టుకుని, తన గదిలో కుర్చీలో బుద్ధిగా కూర్చుంది.

షుగరుందా, బీపీ ఉందా అనేవి గబగబా అయిపోయాయి. "ఎన్నిసార్లు కడుపొచ్చింది అత్తయ్యా?"

"నాలుగు. మూడు నిలవలేదు."

శ్రీవిద్య పెన్ను ఆగింది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఈ సంగతి తనకి తెలీదు. బహుశా అవినాష్‌కీ తెలీదు. తేరుకుని ఇంగ్లీషులో చెప్పి, పదకొండో ప్రశ్నకి వచ్చింది. చివరిసారి రక్తం ఎప్పుడు కనిపించింది? అరవై ఆరేళ్ళావిడ. యాభైలోనో, యాభై ఒకటిలోనో అంటుంది, రాసుకుని ముందుకి వెళ్ళిపోవచ్చు.

ధనమ్మ కాసేపు కెమెరా వైపు చూసింది. తర్వాత ఒళ్ళోని చేతులకేసి చూసుకుంది.

"మొన్న బుధవారం."

శ్రీవిద్యకి చన్నీళ్ళు గుర్తొచ్చాయి. రక్తపు మరకని చన్నీళ్ళతోనే ఉతకాలని మొదటి ఏడాది నర్సుకి కూడా తెలుసు. రోజూ పొద్దున్నే తలుపవతల నీళ్ళ చప్పుడు వింటూ, ఆవిడకెంత మడో అని పళ్ళు కొరికిందే తప్ప, ఒక్కసారైనా ఎందుకని అడగలేదు. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క కనపడినా వెంటనే చూపించాలి, క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి అని పోయిన నెలే పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇక్కడికి రాకముందు నుంచే. ఈ వయసులో మళ్ళీ మొదలైందని ఎవరితో చెప్పుకోను? ఆ గుడ్డలు నీ చేతికి ఇవ్వలేక ఆ రోజు ఏదో నోటికొచ్చింది అనేశాను." ధనమ్మ కెమెరాకేసి చెయ్యి చూపించింది. "అది చెరిపెయ్ అమ్మాయ్. వాడికి చెప్పకు."

చెరిపేస్తే మిగిలిన గంటలో ఇంకో మనిషి దొరకదు. శ్రీవిద్య రెండు క్షణాలు రికార్డింగ్ ఎర్ర గుర్తు వైపు చూసి, వీడియో ఆపి డిలీట్ నొక్కింది.

"చెరిపేశాను, ఆయనకి చెప్పను. కానీ సోమవారం మీరు మా హాస్పిటల్ మీనా డాక్టర్ దగ్గరికి వస్తున్నారు."

"మరి నీ పరీక్ష?"

"పోతే పోయింది" అంది. మొగుడి మాట తన నోటి నుంచి రావడం తనకే చేదుగా ఉంది.

ధనమ్మ స్వెట్టర్ సర్దుకుని మళ్ళీ నిటారుగా కూర్చుంది. "ఇంకోసారి అడుగు. ఆ ఒక్కదానికీ అబద్ధం చెప్పేస్తాలే."

అప్పుడే గరాజ్ తలుపు చప్పుడైంది. తన్విని డ్యాన్స్ క్లాసులో దింపి అవినాష్ వచ్చాడు. శ్రీవిద్య హాల్లోకి వెళ్ళి, సోమవారం అత్తయ్యని చెకప్‌కి తీసుకెళ్తున్నానంది. ఎందుకో చెప్పలేదు, మాటిచ్చింది కదా.

"ఇరవై రోజుల్లో వెళ్ళిపోతోంది, అక్కడే చూపించుకుంటుంది. ఇప్పుడేమైందని?" గదిలోకి తొంగిచూశాడు. "అమ్మా, నీకేమైనా బాధగా ఉందా?"

"ఏం లేదురా" అంది ధనమ్మ. ఆ మాట అలవాటుగా వచ్చేసింది.

"విన్నావుగా? పుస్తకంలో చదివిన రోగాలన్నీ మా అమ్మకి అంటగట్టకు, విద్యా. ఆడవాళ్ళన్నాక ఈ వయసులో ఏవో ఉంటాయి. సరే గానీ, కాస్త టీ పెడతావా?"

గడియారంలో నాలుగూ ఐదు. పెట్టనని అనొచ్చు. అంటే ఒక గొడవ, గొడవకి అరగంట. టీకైతే పది నిమిషాలే. శ్రీవిద్య ఎప్పుడూ వేసే లెక్కే వేసి, గిన్నె స్టవ్ మీద పెట్టింది. గది గుమ్మంలో నిలబడి ధనమ్మ కోడలి వీపు వైపే చూస్తోంది. అల్లం దంచడం, టీ వడగట్టడం, కప్పు తీసుకెళ్ళి టీవీ ముందున్న కొడుకు చేతికివ్వడం, అన్నీ చూసింది.

నాలుగుంబావుకి మళ్ళీ కూర్చున్నారు. శ్రీవిద్య తలుపు వెయ్యబోయింది.

"వెయ్యకు, ఉక్కగా ఉంది" అంది ధనమ్మ. బయట మోకాల్లోతు మంచు.

మళ్ళీ షుగరు, బీపీ. మళ్ళీ నాలుగు, మూడు నిలవలేదు. ఈసారి ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది. పదకొండో ప్రశ్న దగ్గరికి వచ్చింది శ్రీవిద్య. ఇప్పుడీవిడ అబద్ధం చెబుతుంది, తను దాన్ని ఇంగ్లీషు చేస్తుంది, పాసవుతుంది.

"చివరిసారి రక్తం ఎప్పుడు కనిపించింది అత్తయ్యా?"

"మొన్న బుధవారం" అంది ధనమ్మ. మేడ మీదున్నవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా అంది. "ఏడు నెలల నుంచి కనపడుతోంది. ఎవరికీ చెప్పలేదు. సోమవారం నా కోడలు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తోంది. అదీ రాసుకో."

హాల్లో టీవీ ఆగిపోయింది. శ్రీవిద్య కెమెరా వైపు తిరిగి, ఒక్క మాట కూడా తగ్గించకుండా అంతా ఇంగ్లీషులో చెప్పింది. తలెత్తేసరికి టీ కప్పుతో అవినాష్ గుమ్మంలో ఉన్నాడు.

"అమ్మా, ఏంటది..."

"ఉండరా. మధ్యలో మాట్లాడకూడదట" అంది ధనమ్మ, అతని వైపు చూడకుండానే. "ఊఁ, తర్వాతదేంటమ్మాయ్?"