కొడుకు లేకుండా వచ్చిన కారు

మా ఇంటి ముందర ఆగిన కారు మాదే. దాని నంబరు నాకు నోటికి వచ్చు. ఎడమ తలుపు మీద మా గేటు గీసిన గీత కూడా అలాగే ఉంది. నడుపుకుంటూ వచ్చింది మాత్రం నా కొడుకు జలపతి కాదు. ఎవరో బక్కపలచటి మనిషి, చొక్కా మీద నూలు పోగులు.

అవి బస్సులు తగలబెట్టే రోజులు. బయటికి వెళ్లిన మనిషి చెప్పిన వేళకు రాకపోతే పోలీసులు పట్టుకుపోయారో, అడవిలోని అన్నలు ఆపారో అనుకునేవాళ్లం.

జలపతి నాకు ముందే చెప్పాడు, కాదనను. వాళ్ల నాన్న మస్కట్‌లో కష్టపడి కొనిపెట్టిన అంబాసిడర్ అది. పల్లె వదిలి మా జగిత్యాలకు వచ్చిన భాస్కర్ రావు దొర కిరాయి కార్ల ఆఫీసు పెట్టాడు. పేరు వచ్చాక కోరుట్లలో ఒకరికి, సిరిసిల్లలో ఒకరికి తన నీలం బోర్డు ఇచ్చాడు. మా బండీ ఆ బోర్డు కిందే తిరుగుతుంది. కార్లు ఎవరివి వాళ్లవే, పేరూ రేటూ ఆయనవి. ఇకమీదట సిరిసిల్ల దాకా పోయేవాళ్లు రాకడ కిరాయి ఇవ్వనక్కర్లేదట. బండి అక్కడే ఆగి, ఇటు వచ్చేవాళ్లను ఎక్కించుకుని వస్తుందట. నెల రోజులు చూస్తానని, బండ్లు ఖాళీగా తిరిగితే బోర్డులు వెనక్కి తీసుకుంటానని దొర చెప్పాడట.

"మరి నువ్వు బండితోనే వస్తవా?" అని ఆ పొద్దున సద్ది డబ్బా చేతికిస్తూ అడిగాను.

"ఏ బండి దొరికితే గా బండ్ల వస్త అవ్వా," అని నవ్వాడు. పరాచికం అనుకున్నాను.

ఇప్పుడు ఈ మనిషి నా డబ్బానే పట్టుకుని దిగాడు. తన పేరు రాజేశం అని, సిరిసిల్ల బండి తనదని చెప్పాడు. తను ఇంట్లో అన్నం తింటుండగా కోరుట్లకు కిరాయి వచ్చిందట. వరసలో ముందున్న బండిని అక్కడున్న డ్రైవరు ఎవరైనా తీసుకుపోవచ్చట, ముందున్నది తన బండి గనుక జలపతి దాన్నే తీసుకుపోయాడట. తర్వాత జగిత్యాలకు కిరాయి తగిలితే, మిగిలిన మా బండిలో తను వచ్చాడట. బస్టాండు దగ్గర సిరిసిల్ల పోయే కిరాయి పార్టీ ఎదురుచూస్తోంది, పోవాలి అన్నాడు.

డబ్బా అందుకున్నాను. బరువుగా ఉంది. తినడానికి ఇచ్చిన డబ్బా తిరిగి వచ్చేటప్పుడు బరువెందుకు ఉంటుంది? దిక్కులేని డబ్బాలు ముట్టుకోవద్దని బస్టాండులో మైకు పెట్టి చెప్పే కాలమాయె. దాన్ని మెల్లగా వాకిలి చివరన పెట్టి, కారులో చెయ్యి పెట్టి తాళంచెవి లాక్కున్నాను.

"నా కొడుకు వచ్చినంకనే నువ్వు కదులుతవు," అన్నాను.

అతను బతిమాలాడు. జలపతి తొడుక్కున్న చొక్కా రంగు అడిగితే సరిగ్గా చెప్పాడు. చొక్కాదేముంది, ఎవరైనా చూసి చెప్పొచ్చు. చివరికి విసుగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పార్టీ బస్సెక్కి పోతది పెద్దమ్మా. డబ్బ అయినా విప్పి చూడు. ఉత్త డబ్బ పంపుడు మా అవ్వకు చేతగాదు."

ఆ మాట దగ్గర ఆగాను. నాకూ అంతే. ఎవరి గిన్నె మా ఇంటికి వచ్చినా పిడికెడు ఏదో వేయకుండా తిరిగి పంపను. భయం ఒక పక్క, ఏముందో చూడాలన్న ఆత్రం ఒక పక్క. మొహం పక్కకు తిప్పుకుని మూత తీశాను. బొబ్బర్లు ఉడకబెట్టి తాలింపు వేసిన గుడాలు, ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. ఉల్లిపాయ సన్నగా తరిగి, పైన వాళ్లవ్వ వేరేదేదో పొడి చల్లింది. నోట్లో వేసుకున్నాను. ఏం పొడో తెలియలేదు. మళ్లీ నాలుగు గింజలు వేసుకున్నా తెలియలేదు. నా కొడుకును ఏమైనా చేసినవాళ్లు వాడి డబ్బా కడిగి, గుడాలు నింపి పంపరు కదా.

తాళంచెవి ఇస్తుండగానే జలపతి ఆ సిరిసిల్ల కారులో కోరుట్ల నుంచి వచ్చాడు. నేను వాడి చేతులు, మెడ, నుదురు తడిమి చూసుకుంటుంటే సంగతంతా విని తల పట్టుకున్నాడు. బస్టాండు దగ్గరి పార్టీ అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయింది.

"మొదటి దినమే ఉత్త బండి పంపుతున్నవు గదనే అవ్వా. దొరకేం చెప్పాలె?"

"ఉత్తగ ఎందుకు పోతది? నేనెక్కుత. కిరాయి నువ్వు కట్టు."

వాడు నోరు తెరిచాడు. పక్క వీధికి పోవాలన్నా పదిసార్లు ఆలోచించే మనిషిని నేను. రాజేశం వాళ్లింట్లో పడుకుని రేపు ఇటు వచ్చే బండిలో వస్తానని చెప్పాను. డబ్బా కడిగి మామిడి తొక్కు నింపుకుని, రాజేశం కారులో వెనక కూర్చున్నాను.

ఊరు దాటాక భయం మొదలైంది. రోడ్డు కింద మందుపాతరలు పెడతారని వినేవాళ్లం కదా, కల్వర్టు వచ్చినప్పుడల్లా రెండు కాళ్లూ సీటు మీదికి ఎత్తుకున్నాను. రాజేశం అద్దంలో చూస్తూనే ఉన్నాడు. నాలుగో కల్వర్టు దాటాక నవ్వాడు.

"మా అవ్వ గూడ గట్లనే ఎత్తుతది పెద్దమ్మా," అన్నాడు.

గుడాల మీద ఏం పొడి చల్లుతుందని అడిగాను. తనకు తెలియదన్నాడు, ఆమెనే అడగమన్నాడు. ఐదో కల్వర్టు వచ్చింది. కాళ్లు ఎత్తుకున్నాను.