గోడెక్కిన పేరు

మంచం పట్టినవాళ్ళ కోసం మరిది నడిపే ఆశ్రమానికి ఊరంతా తిరిగి విరాళాలు అడిగేది వదిన. ఆమెకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు గానీ, దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఎందుకిస్తారో, ఎలా ఇస్తారో చూడటమంటే మహా సరదా. ఒకాయన ఆమె గుమ్మం దాకా వస్తే చాలు, జేబులో చెయ్యి పెట్టేవాడు. ఇంకొకాయన కళ్ళు మూసుకుని తీరిగ్గా ప్రార్థన చేసి, ఆ తర్వాత "లేదమ్మా" అనేవాడు.

అందరిలోకీ ఆమెకు అంతుపట్టనివాడు బేకరీ ఆయన. రోజూ పొద్దున్నే రొట్టెల బుట్ట వంటింటి గుమ్మంలో దించి, ఎవరైనా పలకరించేలోపే సైకిలెక్కి చక్కాపోయేవాడు.

ఆ మంచితనానికి మరిది పొంగిపోయి, గేటు పక్క గోడ మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో రాయించాడు. కొన్నాళ్ళకు రొట్టెలు రావడం మానేశాయి.

వదిన తిన్నగా బేకరీకి వెళ్ళింది. ఆయన తలెత్తకుండా పిండి పిసుకుతున్నాడు.

"ఏంటన్నయ్యా, మా మీద అలిగావా?"

"అలక కాదమ్మా. ఇచ్చేది పైవాడికీ మనకీ మధ్యే ఉండాలని మా నాన్న నేర్పాడు. ఇప్పుడు దారిన పోయేవాళ్ళంతా నన్ను పొగుడుతున్నారు. నాకు రావలసింది ఇక్కడే వచ్చేసింది. ఇంక అక్కడేం మిగిలింది?"

వదినకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

"బాగుంది! పైన నీ లెక్క సరిపోవడానికి కింద మావాళ్ళు ఉత్త టీ తాగి కూర్చోవాలా?"

ఆయన చేతులు ఆగిపోయాయి. "ఆ పేరు చెరిపించమ్మా. రేపే తెస్తాను."

మరిది ససేమిరా అన్నాడు. "ఎలా చెరిపిస్తాం వదినా? ఆయన పేరు చూసే కదా, ఆయనతో ప్రార్థనకెళ్ళేవాళ్ళంతా వస్తున్నారు! మావాడు ఇస్తున్నాడంటే ఇక్కడ మోసం ఉండదంటున్నారు."

ఇది చెబితే నమ్మడని, వదిన బేకరీ ఆయన్ని బతిమాలి గేటు దగ్గరికి తీసుకొచ్చింది. అప్పుడే ఒక బండిలోంచి కొత్త పరుపులు దించుతున్నారు. దించేవాళ్ళలో ఒకడు, ప్రార్థనలో రోజూ ఆయన పక్కనే కూర్చునే దర్జీ.

"ఒక్కమాట చెప్పావు కాదేం? తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ణి" అని నిష్ఠూరమాడాడు దర్జీ.

బేకరీ ఆయన పరుపులన్నీ లోపలికి వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"ఉండనివ్వమ్మా పేరు," అన్నాడు చివరికి. "రొట్టెలూ తెస్తాను. కానీ అవింక నావి కావు, ఆ గోడవి."

"మరి నీవంటూ ఏముంటాయి?"

ఆయన సైకిలెక్కాడు.

రొట్టెలు మళ్ళీ వచ్చాయి. ఒకరోజు వదిన వార్డులోకి వెళ్ళేసరికి, ఎవరూ చూడ్డానికి రాని మూలమంచం తాత నున్నటి గడ్డంతో, కత్తిరించిన గోళ్ళతో పెళ్ళికొడుకులా కనిపించాడు.

"ఎవరు గీశారు తాతా?"

"చెప్పనని మాటిచ్చాను పిల్లా," అని తాత గుంభనంగా నవ్వాడు.

ఆ వచ్చిందెవరో తెలుసుకోవాలని వదినకు మహా ఆత్రంగా ఉంది. కాస్త తలుపు చాటున నిలబడితే ఒక్క పూటలో తేలిపోయే సంగతి. ఇంకో మాట అడగబోయి, పెదవి కొరుక్కుని ఊరుకుంది. తాత దుప్పటి సర్ది పక్క మంచం వైపు నడిచింది. అయినా వెళ్తూ వెళ్తూ, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడకుండా ఉండలేకపోయింది.