వెనక సీటు మనిషి

నాకు కోపం ఎక్కువ. వహాబ్ బస్సులో ఉంటే హారన్ అక్కర్లేదని డిపోలో నన్ను ఏడిపించేవారు. కానీ పొద్దున ఏడున్నరకు శ్రీరాంపూర్ గని ముందు ఎక్కే మూడో షిఫ్టు వాళ్ల మీద మాత్రం నేను ఏనాడూ అరవలేదు. రాత్రంతా భూమి కింద పనిచేసి వచ్చినవాళ్లు, ఎక్కగానే నిద్రపోతారు. ఊరు రాగానే కండక్టరే లేపాలి. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు, మా రూటులో ఉంది.

జైపూర్ అవతలి పల్లెలకు సర్కారు బస్సు ఎనభై మూడులో వచ్చింది. అంతకుముందు జనం లారీలెక్కి పోయేవారు. మొదటి రోజు ఆడవాళ్లు బస్సుకు పసుపు కుంకుమ పెట్టి హారతి పట్టారు. ఆ బస్సు కండక్టర్ని నేనే. గని కార్మికుడు రాజం అప్పటి నుంచీ నా ప్యాసింజరే. వెనక పొడుగు సీటు మీద ముడుచుకొని పడుకునేవాడు. లేపమని చెప్పడం కూడా ఎప్పుడో మానేశాడు, నా మీద అంత నమ్మకం.

తొంభై ఒకటిలో ఒకరోజు, నక్సలైట్లు పిలిచిన బంద్ నిన్నటితో అయిపోయిందనుకొని బయల్దేరాం. జైపూర్ దాటాక కల్వర్టు దగ్గర నలుగురు అడ్డం నిలబడ్డారు. మొహాలకు తువ్వాళ్లు, చేతుల్లో కిరసనాయిలు డబ్బాలు. ఒకడి దగ్గర తుపాకి ఉంది.

"బంద్ ఇయ్యాల గుడ ఉన్నది. మిమ్ముల ఏమనం. జల్ది దిగుండ్రి!"

నోరున్నంత ధైర్యం నాకు లేదని ఆ రోజే తెలిసింది. గని వాళ్లు ఆ అరుపుకు లేచి దిగారు. రాజం ఊరి ముసలి సమ్మవ్వను చెయ్యి పట్టి దించాను. ఆమె కోళ్ల గంపనూ దించాను. డ్రైవర్ ఆగయ్య దూకేశాడు.

"అందరు దిగిన్రా?" అన్నాడు తుపాకి మనిషి.

"దిగిన్రు" అన్నాను, వెనక్కి తిరిగి చూడకుండానే.

ఇంజిన్ వైపు మంట లేచింది. చేనులో నిలబడి చూస్తున్నాం. "ఎంత కొట్లాడితె అచ్చిన బస్సు బిడ్డా" అని సమ్మవ్వ ఏడుస్తోంది. ఏడుస్తూనే చుట్టూ చూసింది.

"మా రాజం ఏడి?"

రోజూ వాళ్ల ఊళ్లోనే లేపేవాణ్ని. ఊరు ఇంకా రాలేదు. అందుకే లేపలేదు.

"లోపట మనిషున్నడు!" అని అరిచాను.

తుపాకి మనిషి కూడా బిత్తరపోయాడు. "దిగిన్రు అంటివి గదనే!" అని నా మీదికి వచ్చాడు. అప్పటికే నేను ఉరుకుతున్నాను. ఆగయ్య బండరాయితో వెనక అద్దం పగలగొట్టాడు. డబ్బా పట్టుకున్నవాళ్లలో ఒకడు దాన్ని పారేసి మాతో పాటు ఎక్కాడు. మంట అప్పటికే వెనక సీటు దాకా పాకింది. పొగలో చెయ్యి పెడితే రాజం చొక్కా దొరికింది. ముగ్గురం బయటికి లాగాం. కాళ్లు మోకాళ్ల దాకా కాలిపోయాయి. ప్రాణం ఉంది. కేకలు పెడుతున్నాడు. యా అల్లా, ఆ కేకలు!

మధ్యాహ్నం గోదావరిఖని దవాఖాన వరండాలో అతని భార్య మల్లక్క నన్ను చూసింది. నా చేతుల కట్లు చూసింది. ఎవరేం చెప్పారో, వచ్చి నా కాళ్ల మీద పడింది.

"వహాబన్నా, దేవునోలె అచ్చినవే! మంటల్ల దునికి నా మొగని పానం కాపాడినవు."

డ్యూటీ డాక్టర్, ఆగయ్య, వచ్చేపోయేవాళ్లు అందరూ నన్నే మెచ్చుకోలుగా చూస్తున్నారు. ఊరుకుంటే సరిపోయేది. ఆగయ్య కూడా ఊరుకొమ్మన్నట్టు కళ్లతో సైగ చేశాడు. నా వల్ల కాలేదు.

"అక్కా, నేనే మరిచిన. అందరు దిగిన్రా అంటె దిగిన్రు అన్న. ఆయనను లేపలే."

మల్లక్క తలెత్తి నన్ను చూసింది. తర్వాత నా కాళ్ల మీంచి చేతులు తీసేసింది.