సందుగలో గోలీలు

"మత్తుల మొద్దోలె కూసున్నవ్, చేతులు ఆడుతలేవా?" అని మా అత్త భూమవ్వ అరిచినప్పుడు నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాను. సిరిసిల్లలో మాది మగ్గం ఉన్న ఇల్లు. మా ఆయన పర్శరాములు నేస్తుంటే, పొద్దంతా నూలు కండెలకు చుట్టి ఆయనకు అందించడం నా పని. వంట, నీళ్లు, చాకిరీ సరేసరి. ఆయన నేసిన చీరలోని ప్రతి పోగూ ముందు నా వేళ్ల మీదుగా పోయిందే. అయినా ఎవరైనా అడిగితే, "మా ఇంటిది ఏం చేస్తది, కూసుంటది" అనేవాడు.

నాకు పద్నాలుగో ఏట నుంచి ఫిట్స్. మా బాపు పెళ్లికి ముందే దాచకుండా చెప్పాడు. "గోలీలు ఏస్కుంటే మంచిగుంటది గద, ఫికర్ లేదు" అన్నారు వీళ్లు. నిజంగానే పెళ్లయ్యాక మూడేళ్లు ఒక్కసారీ రాలేదు. నెలకోసారి ఆయన కరీంనగర్ దవాఖానకు పోయి గోలీలు తెచ్చి తల్లికి ఇచ్చేవాడు. ఆమె వాటిని సందుగలో, అంటే తన చెక్కపెట్టెలో, పెట్టి తాళం వేసేది. పొద్దుగూకాక ఆమె ముందు చేయి చాపి నిలబడితే ఒక గోలీ వేసేది. కూరలో ఉప్పు ఎక్కువైన రోజు ఆ చేయి చాలాసేపు అట్లాగే చాపి ఉండేది.

మూడేళ్లైనా కడుపు పండలేదు. "రోజు గీ విషం మింగితే పిల్లలేడికెల్లి పుడుతరు? సగం చాలు" అని అత్త గోలీని విరిచి ఇవ్వడం మొదలుపెట్టింది. వారం తిరక్కముందే పొయ్యి దగ్గర పడిపోయాను. ఎడమ చేయి మోచేతి దాకా కాలింది. దవాఖానలో డాక్టరు ఆయన్ని అడిగాడు, మందు ఆపారా అని.

"మరిచిపోతది సార్. ఎంత చెప్పినా ఇనదు" అన్నాడు పర్శరాములు.

డాక్టరు నా మీద కేకలేశాడు. "ఈ మందు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, తెలుసా? తగ్గించాలన్నా మేమే చెప్పాలి, మెల్లగా." ఆ మాట నేనూ విన్నాను, నా మొగుడూ విన్నాడు. ఇంటికి పోయి తల్లికి చెప్పాడు.

రెండు నెలలు నిండు గోలీ ఇచ్చాక, ఒక సోమవారం అత్త సందుగ తెరవలేదు. "అయిపోయినయ్. వాడు రేపు పోతడు తియ్యి." మంగళవారం అదే మాట. బుధవారం అదే మాట. గురువారం పొద్దున కులపెద్ద నాగయ్య, ఇంకో నలుగురు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. నీళ్లు తెమ్మంది అత్త. చెంబు ఎత్తడం గుర్తుంది, అంతే.

తెలివి వచ్చేసరికి ముక్కు దగ్గర నాగయ్య చెప్పు ఉంది. గుప్పిట్లో తాళాల గుత్తి. చీర తడిసిపోయింది, అంతమంది మగవాళ్ల ముందు. కళ్లు పూర్తిగా తెరిచే బలం లేదు కానీ చెవులు వింటున్నాయి. అత్త కొడుకు చెవిలో గొణుగుతోంది: "చెప్పలేదార? గోలీలు బందువెడితే నాలుగో దినానికి పడుతదని."

"బిడ్డా అనసూర్యా," అన్నాడు నాగయ్య. "పర్శరాములు ఇంకో పెండ్లి చేసుకుంటడట. నీకు సమ్మతమేనా?"

ఒద్దు అనాలి. నాలుక కరుచుకుని వాచిపోయింది, తిరగలేదు. పర్శరాములు నా పక్కన కూర్చుని, మెడ కింద చేయి పెట్టి లేపి, నీళ్లు తాగించబోయాడు. ఎంత ప్రేమో అనుకుని ఉంటారు చూసినవాళ్లు. నీళ్లు పెదవుల మీదుగా కారిపోయాయి. ఆయన చేయి తీసేశాడు. తల వాలిపోయింది.

"తలూపింది" అన్నాడు నాగయ్య. "ఊపింది" అన్నారు నలుగురూ.

నర్మదను తెచ్చుకున్నారు. పద్దెనిమిదేళ్ల పిల్ల. అత్త సందుగ తాళం ఆమె చేతికిచ్చి, "చెప్పినట్టు ఇంటెనే ఇయ్యి" అంది. నర్మద దేవతేం కాదు. ఒకరోజు నేను ఆమె బట్టలు ఉతకలేదని సందుగ తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. మూడో రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె ముందే పడిపోయాను. లేచి చూస్తే గోడకు ఆనుకుని వణుకుతోంది.

"నేనే సంపిన అనుకున్న అక్కా. నాకొద్దు గీ తాళం" అని ఏడుస్తూ గోలీల సీసా తెచ్చి నా ఒడిలో పెట్టింది.

తెల్లవారి బస్సెక్కి ఒక్కదాన్నే కరీంనగర్ పోయాను. డాక్టరు నా వెనక్కి చూశాడు. "నీ మొగుడేడి?"

"రాలే. గోలీలు మింగేది నేను. నాకు చెప్పుండ్రి."

డాక్టరు ఒక్కొక్కటే చెప్పాడు. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ఫిట్స్ రాకపోయినా ఆపకూడదు. అయిపోకముందే వచ్చి తీసుకోవాలి. ఒకరోజు తప్పితే రెండూ కలిపి మింగకుండా వచ్చి అడగాలి. పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చెప్పులూ తాళాలూ ఎందుకూ పనికిరావు. "దీంతోటి పిల్లలు పుట్టరా?" అని అడిగాను. "ఎవరు చెప్పారు? కడుపుతో ఉంటే మాత్రం వెంటనే వచ్చి చెప్పు. నీ అంతట నువ్వు ఆపకు." రెండోసారి చెప్పమని అడిగి, కంఠతా పట్టాను.

సిరిసిల్లకు తిరిగి పోలేదు. కరీంనగర్‌లోనే కొమురవ్వ అనే ముసలామె తన ఇంట్లో ఒక మూల ఉండనిచ్చింది. అక్కడ కూడా కండెలే చుట్టాను, కాకపోతే కూలికి. సంవత్సరం గడిచింది, ఒక్కసారీ పడలేదు.

అప్పుడు పర్శరాములు వచ్చాడు. గడప దగ్గర నిలబడి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"మంచిగైనవట గద. నర్మదను కాన్పుకు వాళ్లవ్వ తోలుకపోయింది. మా అవ్వకు కండ్లు కనవడుతలేవు. కండెలు లేక మగ్గం ఆగింది. నడువు ఇంటికి. నయమైనంక ఇంక గోలీలెందుకు?"

"నయం గాలే. రోజు మింగుతున్న గనుక పడుతలేను."

"గప్పుడు గోలీలు బందువెట్టింది మా అవ్వ. నాకేం ఎరుక?"

"పో" అన్నాను. పెళ్లైనప్పటి నుంచి ఆయనకు నేను చెప్పిన మొదటి పని అది. గడప దగ్గర నుంచే తిరిగి పోయాడు.

"మొగుడు పిలువొస్తే పోకపోతివేందే?" అంది కొమురవ్వ.

"నాకు బతకాలని ఉన్నదవ్వా" అన్నాను.