చెంపదెబ్బ సీను

"యాక్టింగంటే ఆమెది! చెంప మీద గంత దెబ్బ వడ్డా మొగుని కాళ్లు ఇడువలే. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్" అన్నాడు రాజనర్సు, టీ ఊదుకుంటూ. చెరుకు సీజను అయిపోయి ఫ్యాక్టరీలో పనిలేని రోజులు. ఆ ఎండాకాలం అతని కళాహృదయమంతా ఇంట్లోవాళ్ల నెత్తినే పడింది.

బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న అతని పెళ్లాం గోదావరి పళ్లు కొరుక్కుంది. నిన్న బోధన్‌లో మ్యాట్నీకి తీసుకుపోయింది అతనే. హీరో పెళ్లాన్ని కొట్టగానే హాలంతా ఈలలు. హీరోయిన్ చెంప మీద చెయ్యి పెట్టుకుని, జుట్టు చెదరకుండా, అందంగా ఏడ్చింది. కొట్టినవాడు తన చెయ్యి తానే చూసుకుని అంతకన్నా ఎక్కువ ఏడ్చాడు. ఛీ, అనిపించింది గోదావరికి. ఎన్ని సినిమాలు చూసింది, ఎంతమంది పేరున్న హీరోయిన్లను చూసింది! ఒక్కదానికీ దెబ్బ తినడం రాదే! మొత్తం సినిమాలో నటించింది ఒకతే, వెనకాల గిన్నెలు తోమే పేరులేని ముసలామె. దెబ్బ చప్పుడు వినగానే ఆమె చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు. మళ్లీ తోముకుంది. ఆ మాటే దారిలో అంటే, "గిన్నెలు తోముడు గూడ నటనేనా? నీ తెలివి గంతే" అని నవ్వాడు రాజనర్సు. ఈ పెద్దమనిషే పోయిన దసరాకు, కూరలో ఉప్పెక్కువైందని పక్కింటి నాగవ్వ ముందే ఆమె చెంప పగలగొట్టాడు. "మొగుడు గాకపోతే ఎవడు కొడ్తడే? ఊకో" అంది అత్త శంకరమ్మ. దెబ్బలు తినడం కూడా పెళ్లయినదానికి ఒక హోదా అన్నట్టు!

మధ్యాహ్నానికి వాకిట్లో ఆడవాళ్లు బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని చేరారు. కొత్త సినిమా చూసొస్తే గోదావరి కథ చెప్పాల్సిందే, అన్ని వేషాలూ వేసి చూపించాల్సిందే. ఆమె చేతులు ఆగినంతసేపూ మిగతావాళ్లు తలా కొన్ని బీడీలు చుట్టి ఆమె చాటలో వేస్తారు. కథ చెంపదెబ్బ దాకా వచ్చింది.

"ఆఁ, గా సీను చేసి చూపియ్యి. కాళ్లు మొక్కేది" అంటూ రాజనర్సు ముందుకు జరిగి కాళ్లు చాపాడు.

గోదావరి ఆ కాళ్ల వైపు చూసింది. ఇవాళ నవ్వులాటకు మొక్కితే, రేపటి నుంచి అదే ఈ ఇంటి రివాజు అవుతుంది.

"నేను చెయ్య. ఆమెకు యాక్టింగ్ రాలే."

"ఏందీ?"

"ఎన్నడన్న దెబ్బ తిన్నదాని లెక్క లేదామె. దెబ్బ వడంగనే ఎవ్వరు చెంప ముట్టుకోరు, ఏడ్వరు. మొదలు తలుపు దిక్కు చూస్తరు, ఎవలన్న చూసిండ్రా అని."

చాటల్లో చేతులన్నీ ఆగిపోయాయి. నాగవ్వ తల దించుకుంది.

"పెద్ద డైరెక్టరైనవ్! ఎవలు జెప్పిండ్రే నీకు?" రాజనర్సు విసురుగా లేచాడు. "అవ్వా, జర చూడు నీ కోడలి మాటలు!"

గోడకు ఆనుకుని బీడీలకు దారం చుడుతున్న శంకరమ్మ తల ఎత్తింది. ఇక కోడలికి తిట్లు తప్పవనే అందరూ అనుకున్నారు.

"అది చెప్పింది నిజమే. మీ బాపు కొట్టినప్పుడల్ల నేను గూడ మొదలు తలుపు దిక్కే చూస్తుంటి" అంది కొడుకుతో. "చూసినప్పుడల్ల ఆడ నువ్వే నిలవడి ఉంటుంటివి కొడుకా, చెరుకు ముక్క నములుకుంట."